నోరు మంచిదైతే... ఉద్యోగం మంచిదేనా?

కాల్ సెంటర్ ఉద్యోగం అనగానే మనవాళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. “అదీ ఒక ఉద్యోగమేనా? బీటెక్ చదివి, లక్షలు పోసి, సముద్రాలు దాటి వచ్చింది ఫోన్లు ఎత్తడానికా?” అని పెదవి విరిచేవాళ్లు ఒక వర్గం. “వెచ్చగా కుర్చీలో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే జీతం వస్తోంది, గోడౌన్‌లో పెట్టెలు మోయడం కంటే నయం కాదా?” అనేవాళ్లు రెండో వర్గం. డబ్లిన్‌లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా, ఉగాది పచ్చడి దగ్గర ఏ నలుగురు పోగైనా ఈ వాదన వస్తూనే ఉంటుంది. రెండు వర్గాల మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం ఎవరూ చెప్పడం లేదు. అదే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఐర్లాండ్‌లో కాల్ సెంటర్ పని మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు అందరికీ ఒకటే జవాబు లేదు. మీ జేబులో ఉన్న ఐఆర్‌పీ కార్డు మీద ఏ స్టాంపు ఉంది, ఆ కుర్చీలో ఎన్నాళ్లు కూర్చోవాలనుకుంటున్నారు అన్న రెండు విషయాలే జవాబు చెబుతాయి. ఒకరికి అదే ఏరు దాటించే తెప్ప. ఇంకొకరికి అదే సుడిగుండం!

క్లాండాల్కిన్ నుంచి చూస్తే...

డబ్లిన్ నడిబొడ్డు నుంచి పడమరగా సుమారు పది కిలోమీటర్లు వస్తే మా క్లాండాల్కిన్. వెయ్యేళ్లు దాటిన రాతి గోపురం ఊరి మధ్యలో ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉంది. ఒకపక్క గ్రాండ్ కెనాల్ కాలువ, ఇంకోపక్క రెడ్ కౌ దగ్గర ఎం-50 రోడ్డు, అక్కడే లువాస్ ట్రామ్. లిఫీ వ్యాలీ షాపింగ్ సెంటర్ దగ్గర. టాలా వైపు వెళ్తే యూనివర్సిటీ క్యాంపస్, పెద్దాసుపత్రి. గ్రేంజ్ కాజిల్‌లో డేటా సెంటర్లు, మందుల ఫ్యాక్టరీ. పార్క్ వెస్ట్, సిటీవెస్ట్ ఆఫీసు పార్కులు బస్సు దూరంలోనే. సిటీలో అద్దెలు భరించలేని మనవాళ్లు ఇటువైపు రావడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. 2022 జనాభా లెక్కల నాటికి ఐర్లాండ్‌లో భారత పౌరులు 45 వేలకు పైనే ఉన్నారు. అందులో మన తెలుగువాళ్లు ఎందరో లెక్క అక్కర్లేదు, శనివారం సాయంత్రం ఇండియన్ షాపులో గోంగూర కట్టల దగ్గర నిలబడితే చాలు!

ఎంఎస్ చదువుకి వచ్చిన పిల్లలకి మొదట దొరికే పనులు అందరికీ తెలిసినవే. సూపర్ మార్కెట్ కౌంటర్, వేర్‌హౌస్, హోటల్ కిచెన్, సెక్యూరిటీ, డెలివరీ... ఆ వరసలోనే కాల్ సెంటర్. మిగతా వాటితో పోలిస్తే ఇందులో వాన లేదు, బరువు లేదు, ఉల్లిపాయల వాసన లేదు. అయినా ఆశ్చర్యం ఏమిటంటే, వేర్‌హౌస్‌లో చేస్తున్నానని చెప్పుకునే కుర్రాడు కూడా కాల్ సెంటర్ అని చెప్పుకోవడానికి మొహమాటపడతాడు. వరంగల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి నాతో ఇలాగే అన్నాడు: “అన్నా, ఇంట్లో ఐటీ జాబ్ అని చెప్పిన. మా నాయన నీతో మాట్లాడితే కాల్ సెంటర్ అని మాత్రం అనకు.”

ఎందుకింత సిగ్గు? దానికి మూలం ఐర్లాండ్‌లో లేదు, హైదరాబాద్‌లో ఉంది.

హైదరాబాద్ రాత్రులు, డబ్లిన్ పగళ్లు

1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లోనే కాల్ సెంటర్ అన్న మాట మన ఇళ్లలోకి వచ్చేసింది. డిగ్రీ పాసై ఇంగ్లీష్ బాగా మాట్లాడితే చాలు, నెల తిరిగేసరికి నాన్నగారి పెన్షన్ కంటే ఎక్కువ జీతం. దాంతోపాటే వచ్చినవి అర్ధరాత్రి షిఫ్టులు, ఇంటి ముందు హారన్ కొట్టే క్యాబులు, పగటి నిద్రలు. శ్రీనివాస్ ఫోన్లో స్టీవ్ అయ్యాడు, నాగలక్ష్మి నాన్సీ అయింది. అమెరికా యాస నేర్పడానికి ప్రత్యేకంగా ట్రైనింగులు. “ఆడపిల్ల రాత్రి పూట ఉద్యోగమా?” అని పెళ్లి సంబంధాల దగ్గర గుసగుసలు. కాల్ సెంటర్ అంటే మన పెద్దవాళ్ల మనసులో ఇప్పటికీ ఆ బొమ్మే ఉంది.

అదే హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సర్వీసు మొదలైంది. అది కూడా ఒక రకంగా కాల్ సెంటరే కదండీ! ఫోన్ ఎత్తి, ఏడుస్తున్న మనిషి నుంచి ఊరు పేరు, రోడ్డు గుర్తు రాబట్టి, బండి పంపించే మనిషి అక్కడా హెడ్‌సెట్ పెట్టుకునే కూర్చుంటాడు. ఆ పనిని ఎవరైనా తక్కువ చేస్తారా? ఫోన్లో మాట్లాడడం చిన్న పని ఎప్పుడూ కాదు. ఎవరి కోసం, ఏ షరతుల మీద మాట్లాడుతున్నాం అన్నదే లెక్క.

ఐర్లాండ్ సంగతి వేరు. హైదరాబాద్ కంటే ముందు ఈ దేశమే కాల్ సెంటర్ల దేశం. 1990లలో ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఐడీఏ, “మా పిల్లలకు ఇంగ్లీష్ వచ్చు, పన్ను తక్కువ” అని చెప్పి అమెరికా కంపెనీల టెలిఫోన్ కేంద్రాలను రప్పించింది. తరువాత అదే పని చవకగా దొరికే మన బెంగళూరు, హైదరాబాద్‌లకు చాలావరకు తరలిపోయింది. కాబట్టి కాల్ సెంటర్ మూతపడితే ఎలా ఉంటుందో ఐరిష్ వాళ్లకు మనకంటే ముందే తెలుసు. 2011 సెప్టెంబర్‌లో టాక్‌టాక్ అనే బ్రిటిష్ టెలికాం కంపెనీ వాటర్‌ఫోర్డ్‌లోని తన కేంద్రాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. 575 ఉద్యోగాలు పోయాయి. ఇచ్చిన గడువు ముప్పై రోజులు! అదే ఏడాది శాంటాండర్ బ్యాంకు బ్రిటన్ ఖాతాదారుల కాల్స్‌ను భారత్ నుంచి వెనక్కి తీసుకెళ్లింది. ఫోన్ తీగకు ఊరు లేదు, ఎటు చవకైతే అటు, ఎటు కస్టమర్ అరిస్తే అటు పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

లాభాలు లేవా అంటే...

ఉన్నాయి. అవి పే స్లిప్పులో మాత్రం కనిపించవు.

మొదటిది చెవి. మనం ఇండియాలో నేర్చుకున్న ఇంగ్లీష్‌తో డబ్లిన్ ఎయిర్‌పోర్ట్ దాకా రావచ్చు. అక్కడి నుంచి టాక్సీ ఎక్కితే డ్రైవర్ మాట సగం అర్థం కాదు. “హాఫ్ ఫైవ్” అంటే నాలుగున్నర అనుకుంటాం, వాళ్ల లెక్కలో ఐదున్నర. “గివింగ్ అవుట్” అంటే ఏదో ఇస్తున్నారనుకుంటాం, తిడుతున్నారని అర్థం. “యువర్ మ్యాన్” అంటే నా మనిషి ఎవరబ్బా అని వెతుక్కుంటాం, వాళ్లు చెప్పేది మనకు సంబంధం లేని మూడో వ్యక్తి గురించి. “ఐయామ్ ఆఫ్టర్ లూజింగ్ మై కార్డ్” అంటే కార్డు ఇప్పుడే పోగొట్టుకున్నానని. ఇది ఐరిష్ భాష వాక్యం ఇంగ్లీష్ చొక్కా వేసుకోవడమే! పేర్లు ఇంకో తమాషా. కాగితం మీద ఎన్ని అక్షరాలున్నా పలికేది శివాన్, నీవ్, ఈఫా, టైగ్. డబ్లిన్ పక్కనే ఉన్న ఊరి పేరు రాసేదొకటి, పిలిచేది డన్ లీరీ. మూడు నెలలు హెడ్‌సెట్ పెట్టుకుంటే కార్క్ యాస, కెర్రీ యాస, డోనెగాల్ యాస విడివిడిగా గుర్తుపట్టే చెవి వస్తుంది. రేపు ఆఫీసు మీటింగుల్లో, ఇంటర్వ్యూల్లో పనికొచ్చేది ఈ చెవే. దీనికి ఏ కోచింగ్ సెంటరూ లేదు.

రెండోది, దేశం లోపలి సంగతులు తెలుస్తాయి. కరెంటు బిల్లు ఎలా వేస్తారు, ఇన్సూరెన్స్ వాళ్లు ఏ మాట పట్టుకుని క్లెయిమ్ తిప్పికొడతారు, బ్రాడ్‌బ్యాండ్ కాంట్రాక్టు మధ్యలో మానేస్తే ఏమవుతుంది... ఇవన్నీ అవతలి వాళ్ల సమస్యలు వింటూ మనం నేర్చుకునే పాఠాలు. 2015లో ఎయిర్‌కోడ్ వచ్చేదాకా పల్లెటూళ్లలో చాలా ఇళ్లకు నంబరు కూడా లేదు, ఒకే చిరునామాతో పది ఇళ్లుండేవి. ఇప్పటికీ “చర్చి దాటాక రెండో మలుపు, నీలం గేటు” అని చెప్పే పెద్దాయనలు ఫోన్లో తగులుతారు. అచ్చం మన ఊళ్లో రావిచెట్టు పక్క సందు అన్నట్టే! అలాంటప్పుడు, ఈ దేశం మనకు అంత పరాయిదేమీ కాదనిపిస్తుంది.

మూడోది, ఇది లెక్కలో ఉండే ఉద్యోగం. పే స్లిప్పు వస్తుంది, పన్ను కడతారు, సెలవులు జమ అవుతాయి. 2025లో ఇక్కడ కనీస వేతనం గంటకు 13.50 యూరోలు, 2026 జనవరి 1 నుంచి 14.15 యూరోలు. వారానికి ఇరవై గంటలు చేసే విద్యార్థికి 283 యూరోలు. అద్దె, బస్సు, బియ్యం పోను పెద్దగా మిగలకపోవచ్చు. కానీ చేతికి నగదు ఇచ్చి, రేపు అడిగితే నువ్వెవరో తెలియదనే చోటు కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

నాలుగోది, మన పేరు మనకే ఉంటుంది. ఇక్కడ శ్రీనివాస్ శ్రీనివాస్‌గానే ఫోన్ ఎత్తుతాడు. మా క్లాండాల్కిన్‌లో ఆరస్ క్రోనాన్ అని ఐరిష్ భాషా సాంస్కృతిక కేంద్రం ఉంది. దేశమంతా ఇంగ్లీష్ మాట్లాడుతున్నా, తమ మాట పోకూడదని ఇక్కడి వాళ్లు తాపత్రయపడుతున్నారు. అలాంటి ఊళ్లో ఉండి మన పేరు మనమే మింగేసుకోవడం దేనికి?

గడియారం కింద బతుకు

ఇక రెండో వైపు చూద్దాం. కాల్ సెంటర్‌లో బాస్ ఎవరంటే టీమ్ లీడర్ అంటారు. అసలు బాస్ గడియారం. ఒక్కో కాల్ సగటున ఎన్ని నిమిషాలు, కాల్ అయ్యాక నోట్స్ రాయడానికి ఎన్ని సెకన్లు, టాయిలెట్‌కి ఎంతసేపు, అన్నీ స్క్రీన్ మీద రంగుల్లో కనిపిస్తాయి. “ఐదు నిమిషాలు లేటైతే ఇంత రాద్ధాంతమా?” అని కొత్తవాళ్లు గింజుకుంటారు. దాని వెనక ఒక లెక్క ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త 1909లోనూ 1917లోనూ ప్రచురించిన సూత్రాలు అవి. గంటకు ఎన్ని కాల్స్ వస్తాయి, ఒక్కోటి ఎంతసేపు సాగుతుంది, అవతలివాళ్లు ఎక్కువసేపు ఆగకుండా ఉండాలంటే ఎంతమంది కూర్చోవాలి అన్నది ఆ లెక్క. వందేళ్లు దాటినా రోస్టర్లు వేసేది దాని ఆధారంగానే. సీట్లన్నీ దాదాపు బిజీగా ఉన్నప్పుడు ఒక్క మనిషి లేచినా క్యూ అమాంతం పెరిగిపోతుందని ఆ లెక్క చెబుతుంది. కంపెనీ ఒకరిద్దరిని అదనంగా పెట్టుకుంటే ఈ ఒత్తిడి ఉండదు. డబ్బు మిగులుతుందని పెట్టుకోదు. ఆ మిగులు మన నరాల మీద నుంచి వస్తుంది.

తరువాత తిట్లు. బిల్లు ఎక్కువొచ్చినవాడు, ఇంటర్నెట్ రానివాడు, నలభై నిమిషాలు మ్యూజిక్ విన్నవాడు, వీళ్లంతా కంపెనీని తిట్టాల్సినవి మనని తిడతారు. అందులో కొందరు మన యాస వినగానే “నాకు ఐరిష్ మనిషి కావాలి” అంటారు. ఇంకొందరు పెద్దవాళ్లు భయపడతారు. ఇండియా యాసతో వచ్చే మోసం కాల్స్ వాళ్లు విన్నారు కదా, మనమూ అదే ముఠా అనుకుంటారు. ఎక్కడో కూర్చుని ముసలివాళ్ల సొమ్ము కాజేసే దొంగలు చేసిన పాపానికి, నిజాయితీగా పనిచేసే మన పిల్లలు రోజూ జరిమానా కడుతున్నారు. దీనికి వాదన పనికిరాదు. “ఫరవాలేదండీ, ఫోన్ పెట్టేసి మీ బిల్లు మీద ఉన్న నంబరుకు మీరే చేయండి” అని శాంతంగా చెప్పడమే మందు.

మూడోది, రాకపోకలు. సాయంత్రం షిఫ్టు పదింటికో పదకొండింటికో అయిపోతుంది. లువాస్ తెల్లవార్లూ నడవదు, అర్ధరాత్రి దాటాక ఆగిపోతుంది. 2025 జులైలో మా పక్కనున్న టాలాలో ఒక భారతీయుడి మీద దాడి జరిగింది. ఆగస్టు 1న డబ్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. వేళ కాని వేళల్లో నిర్మానుష్యమైన చోట్లకు వెళ్లొద్దని దాని సారాంశం. మంచి సలహాయే. కానీ షిఫ్టు ఎప్పుడు అయిపోవాలో మన చేతిలో లేదు కదా! హైదరాబాద్‌లో కాల్ సెంటర్ క్యాబు ఇంటి గుమ్మం దాకా దింపేది. ఇక్కడ బస్టాప్ నుంచి ఇంటికి నడకే. “కంపెనీ మంచిదేనా” అని అడిగే ముందు “ఆఖరి షిఫ్టు ఎన్నింటికి, ఆ టైముకి బస్సు ఉందా” అని అడగండి.

నాలుగోది, ఫోన్ తీగకు ఊరు లేదన్న మాట. ఇప్పుడు దానికి మనిషి కూడా అక్కర్లేదంటున్నారు. స్వీడన్‌కు చెందిన క్లార్నా అనే చెల్లింపుల కంపెనీ 2024 ఫిబ్రవరిలో, తమ కృత్రిమ మేధ అసిస్టెంట్ 700 మంది చేసే పని చేస్తోందని గొప్పగా ప్రకటించింది. 2025 వచ్చేసరికి, కస్టమర్లకు మనిషి కూడా ఉండాలని మళ్లీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ: తేలిక కాల్స్ యంత్రానికి పోతాయి, ఏడుపులూ తిట్లూ చిక్కుముడులూ మనిషికి మిగులుతాయి. ఉద్యోగం పూర్తిగా పోదు, కష్టం మాత్రం చిక్కబడుతుంది.

అసలు మెలిక స్టాంపులో ఉంది

ఇప్పటిదాకా చెప్పినవి ఏ దేశంలోనైనా ఉండేవే. ఐర్లాండ్‌లో మనవాళ్లు గమనించాల్సిన అసలు విషయం ఇది. వర్క్ పర్మిట్ ఇవ్వని ఉద్యోగాల జాబితా ఒకటి ఇక్కడి ప్రభుత్వం ప్రకటిస్తుంది. కాల్ సెంటర్, కాంటాక్ట్ సెంటర్ ఉద్యోగాలు ఆ జాబితాలో ఉన్నాయి. ప్రత్యేక భాషా నైపుణ్యం ఉన్నవాళ్లకు ఇచ్చే పరిమితమైన మినహాయింపుల్లాంటివి తప్ప, మామూలు ఇంగ్లీష్ కాల్ సెంటర్ ఉద్యోగం చూపించి పర్మిట్ తెచ్చుకోవడం కుదరదు. జీతం కూడా అడ్డమే. వారానికి 39 గంటలు 2026 కనీస వేతనంతో చేస్తే ఏడాదికి సుమారు 28,700 యూరోలు. జనరల్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్‌కి 2024 జనవరిలోనే మామూలుగా 34,000 యూరోలు ఉండాలన్నారు.

దుబాయ్, ఖతార్, కువైట్‌లలో ఉండి ఈ పేజీ చదివే అన్నదమ్ములు ఈ పేరా రెండుసార్లు చదవండి. “ఐర్లాండ్‌లో కాల్ సెంటర్ జాబ్, పర్మిట్ గ్యారంటీ, నాలుగు లక్షలు” అని ఏ ఏజెంట్ అన్నా, ఆ మాటతోనే అతను దొరికిపోయినట్టు. డబ్బు కట్టకండి.

ఇక్కడ ఉన్నవాళ్ల సంగతి స్టాంపుల వారీగా చూద్దాం.

స్టాంప్ 2, అంటే విద్యార్థులు. చదువు రోజుల్లో వారానికి 20 గంటలు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా 40 గంటలు పని చేయొచ్చు. వీళ్లకు కాల్ సెంటర్ నిజంగా మంచి పని అని నా అభిప్రాయం. ఎలాగూ ఏదో ఒక పని చేయాలి. చెవి, నోరు, ఓర్పు మూడూ సానబడతాయి. ఒక్కటే జాగ్రత్త. “ఇంకో నాలుగు గంటలు చేసిపెట్టవా ప్లీజ్” అని టీమ్ లీడర్ అడిగితే మొహమాటానికి ఒప్పుకోకండి. పరిమితి దాటితే జవాబు చెప్పుకోవాల్సింది మీరు, అతను కాదు.

స్టాంప్ 1జి, అంటే చదువు ముగించినవాళ్లు. సుడిగుండం ఇక్కడే ఉంది. మాస్టర్స్ చేసినవాళ్లకు ముందు 12 నెలలు, ఆ తరువాత ఇంకో 12 నెలలు ఇస్తారు. ఆ రెండో ఏడాది ఊరికే రాదు. చదువుకు తగ్గ ఉద్యోగం కోసం గట్టిగా ప్రయత్నించినట్టు చూపించాలి. ఈ కాలంలో ఫుల్‌టైమ్ కాల్ సెంటర్‌లో చేరితే ఏమవుతుందో చూడండి. నెలనెలా జీతం వస్తుంది, ఇంటికి డబ్బు పంపుతాం, బ్యాంకు లోను వాయిదా కడతాం, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. షిఫ్టు నుంచి వచ్చేసరికి నోరు ఎండిపోయి ఉంటుంది, ఇంకెవరితో మాట్లాడబుద్ధి కాదు. రెజ్యూమె రేపు మారుద్దాం, అప్లికేషన్ ఎల్లుండి వేద్దాం... పద్దెనిమిది నెలలు గడిచిపోతాయి. మిగిలిన ఆరు నెలల్లో పర్మిట్ ఇచ్చే కంపెనీ దొరకాలి. ఆ కంపెనీ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న “ఇన్నాళ్లూ మీ సబ్జెక్టులో ఏం చేశారు?” అని. ఇలా చిక్కుకున్న పిల్లలు సోమరులు కారు, తెలివితక్కువవాళ్లూ కారు. నెల జీతం ఉందన్న ధీమా వాళ్లను నిద్రపుచ్చింది, అంతే. 1జి మీద ఉన్నవాళ్లు కాల్ సెంటర్‌లో చేరితే పార్ట్‌టైమ్‌గా చేరండి, లేదా ఆరు నెలల గడువు పెట్టుకుని చేరండి.

ఇక పర్మిట్ మీద ఉన్నవాళ్ల భార్యలు, భర్తలు. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వాములకు 2019 మార్చి నుంచి, జనరల్ పర్మిట్ వాళ్ల భాగస్వాములకు 2024 మే నుంచి వేరే పర్మిట్ లేకుండా పనిచేసే వీలు వచ్చింది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పదేళ్లు టీచరుగానో బ్యాంకులోనో చేసి, ఇక్కడికొచ్చి నాలుగు గోడల మధ్య కూర్చున్న మన అక్కచెల్లెళ్లు ఎంతమందో! వాళ్లకు ఈ దేశంలో మొదటి పే స్లిప్పు, మొదటి రిఫరెన్సు, మొదటి స్నేహితులు కాల్ సెంటర్‌లో దొరికితే అంతకంటే మంచి తలుపు లేదు. పిల్లల స్కూలు టైముకి సరిపడే షిఫ్టు దొరికితే చాలు. స్టాంప్ 4 వచ్చినవాళ్లకూ అంతే, పర్మిట్ భయం లేదు కాబట్టి టీమ్ లీడర్, ట్రైనర్, క్వాలిటీ మెట్లు నిదానంగా ఎక్కొచ్చు.

చేరేవాళ్లు అడిగి తెలుసుకోవాల్సినవి

హక్కులు తెలియక నష్టపోయేవాళ్లే మనలో ఎక్కువ. ఉద్యోగంలో చేరిన ఐదు రోజుల్లో ముఖ్యమైన షరతులు కాగితం మీద ఇవ్వాలి. నాలుగున్నర గంటలు దాటితే 15 నిమిషాలు, ఆరు గంటలు దాటితే మొత్తం అరగంట విరామం మీ హక్కు. ఒక షిఫ్టుకీ మరో షిఫ్టుకీ మధ్య 11 గంటలు ఉండాలి. ఆదివారం పని చేయిస్తే దానికి అదనంగా ఏదో ఒక రూపంలో ఇవ్వాలి. ఇవన్నీ 1997 నాటి పని గంటల చట్టం, దాని తరువాతి చట్టాల్లో ఉన్నవే. 13 వారాల సర్వీసు అయ్యాక, డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే, జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం, రోజుకు 110 యూరోలు మించకుండా వస్తుంది. 2024 నుంచి అది ఏడాదికి ఐదు రోజులు. పార్ట్‌టైమ్ వాళ్లకూ సెలవు జీతం ఉంటుంది, అడగండి. అన్యాయం జరిగితే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు మామూలుగా ఆరు నెలల లోపు ఫిర్యాదు చేయాలి. కమ్యూనికేషన్స్ వర్కర్స్ యూనియన్ అని సంఘం ఉంది, కాల్ సెంటర్ వాళ్లూ చేరొచ్చు. యూనియన్ అంటే జెండాలు, ధర్నాలు అని భయపడకండి. ఇక్కడ అది చాలావరకు ఫోన్ చేస్తే సలహా చెప్పే మనిషి.

ఇంకో రెండు మాటలు. కస్టమర్ కార్డు నంబరు కాగితం మీద రాసుకోవడం, “మా రూమ్మేట్ ఎక్స్ ఎకౌంట్ ఒకసారి చూడవా” అంటే స్క్రీన్ తెరవడం, ఇవి స్నేహం కోసం చేసినా ఉద్యోగం పోయే పనులే. ఇంటి నుంచి పని అని సంబరపడే ముందు, ఆరుగురు ఉండే అద్దింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వినపడకుండా తలుపు వేసుకునే గది ఉందా అని చూసుకోండి. గొంతు మీ పెట్టుబడి. పక్కన గోరువెచ్చటి నీళ్లు పెట్టుకోండి, బొంగురుపోతే ఒక రోజు సెలవు పెట్టండి.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక విన్నపం. అమ్మలూ, నాన్నలూ! మీ అబ్బాయి ఫోన్లు ఎత్తుతున్నాడంటే తలదించుకోకండి. వాడు తెల్లవారితే ముక్కూమొహం తెలియని వాళ్ల కోపాన్ని మింగి, వాళ్ల పని చేసిపెట్టి, మీకు డబ్బు పంపుతున్నాడు. మీరు సిగ్గుపడితే వాడు అబద్ధం చెబుతాడు. అబద్ధం చెప్పినవాడు సలహా అడగలేడు. స్టాంపు గడువు దగ్గరపడుతున్నా ఎవరికీ చెప్పుకోలేక ఒంటరిగా మిగిలిపోతాడు. అసలు ప్రమాదం ఆ మౌనంలో ఉంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. కాల్ సెంటర్ మన నోటిని మంచి చేస్తుంది, సందేహం లేదు. ఐర్లాండ్ అనే ఈ ఊరు మనకు మంచిదవ్వాలంటే మాత్రం నోటితో పాటు క్యాలెండర్ మీద కూడా చూపుండాలి. తెప్ప ఎక్కండి, తప్పులేదు. ఎక్కిన రోజునే దిగాల్సిన రేవు ఏదో, ఏ నెలలో దిగాలో రాసిపెట్టుకోండి.